చిగుళ్ల జబ్బుకు డైట్ చార్ట్ ఇచ్చారు. లావు తగ్గితే పళ్లు గట్టిపడతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తాడిపత్రిలో ఉండే మీ అమ్మగారికి 52 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఆరేళ్లుగా షుగర్, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 8.6. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటారు. పళ్లు తోమితే చిగుళ్లనుంచి రక్తం, నోటి వాసన, కింది ముందుపళ్లు రెండు కదులుతున్నాయి. ఒకరు "ముందు లావు తగ్గమ్మా, చిగుళ్లు వాటంతటవే సర్దుకుంటాయి" అని ఓట్స్, సలాడ్లు రాసిన కాగితం చేతిలో పెట్టారు. ఇంకొకరు నెలరోజులకు సి విటమిన్ మాత్రలు రాశారు. మూడో ఆయన కదిలే పళ్లు రెండూ పీకేద్దామన్నారు. ఈలోగా ఆమె పెళ్లిళ్లకు పోవడం మానేశారు, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. తిండికీ, లావుకూ, చిగుళ్లకూ నిజంగా సంబంధం ఉందా, ఎవరి మాట వినాలి అని అడిగారు.

సంబంధం ఉంది. కానీ ఆమెకు చెప్పిన వరుస తలకిందులుగా ఉంది. మొదట గార తీయించాలి, దాంతోపాటే షుగర్‌ను దారికి తేవాలి. నోరు నమలడానికి పనికొచ్చాక బరువు సంగతి. కదిలే పళ్ల గురించి ఇప్పుడే తీర్మానం చేయొద్దు. లావు తగ్గినంత మాత్రాన పంటి మొదట్లో గట్టిపడిన గార కరగదు. పచ్చి క్యారెట్ ముక్క కొరకలేని మనిషికి సలాడ్లు రాసివ్వడం మాత్రం నాకు అర్థం కాని వైద్యం.

చిగుళ్ల జబ్బును పుట్టించేది పాచి. గోటితో గీకితే తెల్లగా, జిగటగా వచ్చేది అదే. పంటికీ చిగురుకీ కలిసేచోట దాన్ని వదిలేస్తే లాలాజలంలోని సున్నపు లవణాలు పట్టి కొద్దిరోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది, గార అవుతుంది. గార ఏ బ్రష్‌కూ, ఏ పళ్లపొడికీ రాదు. 1965లో డెన్మార్క్‌లో 12 మందిని పళ్లు తోముకోవద్దని చెప్పి చూశారు. 10 నుంచి 21 రోజుల్లోగా అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో మామూలయ్యాయి. అది మొదటి దశ, అక్కడ ఎముక చెడదు, పూర్తిగా వెనక్కి వస్తుంది.

ఆ దశ దాటితే చిగురు పంటిని వదులుతుంది, మధ్యలో సందు లోతవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర ఆ సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. 4 నుంచి అనుమానించాలి. 6 దాటితే ఇంట్లో ఎంత తోమినా అడుగు శుభ్రం కాదు. పంటిని పట్టుకున్న ఎముక నెమ్మదిగా కరుగుతుంది, కరిగింది చాలావరకు తిరిగి రాదు. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ అమ్మగారిది ఈ రెండోదే అయ్యుండాలి, పళ్లు ఊరికే కదలవు. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు ప్రపంచంలో నూరుకోట్ల మందికి పైనే అని డబ్ల్యూహెచ్‌ఓ 2022 నివేదిక చెబుతోంది. తన ఒక్కదానికే వచ్చిన అవమానంగా ఆమె అనుకుంటుంటే ఈ మాట చెప్పండి.

ఇక తిండి. ఒకే మోతాదు పాచి ఇద్దరి నోళ్లలో ఒకేలా పనిచేయదు. స్విట్జర్లాండ్‌లో 10 మందిని నాలుగు వారాలపాటు రాతియుగం మనుషుల్లా బతకమన్నారు. బ్రష్ లేదు, పేస్టు లేదు, చక్కెర, మైదా లేవు. తిండి అంతా గింజలు, కాయలు, ఆకులు, అప్పుడప్పుడు మాంసం. పళ్లమీద పాచి పెరిగింది, అది అనుకున్నదే. కానీ చిగుళ్లనుంచి రక్తం కారే చోట్లు పెరగాల్సిందిపోయి మూడోవంతు దగ్గరికి తగ్గాయి. తర్వాత 2016లో జర్మనీ వాళ్లు ఇంకో చిన్న ప్రయత్నం చేశారు. మైదా, చక్కెర తగ్గించి, పీచు, సి విటమిన్, ఒమేగా-3 పెంచి నాలుగు వారాలు పెట్టారు. పాచి అంతే ఉంది, రక్తస్రావం మాత్రం సగానికి పడిపోయింది. తిండి పాచిని తీయదు గానీ, ఆ పాచిమీద ఒళ్లు ఎంత మండిపడాలో తిండి తేలుస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. రెండిట్లోనూ ఉన్నది కొద్దిమందే అన్నది గుర్తుంచుకోండి. 7 మిల్లీమీటర్ల సందును తిండితో మూయొచ్చని ఏ ప్రయోగమూ చెప్పలేదు.

సి విటమిన్ మాత్రల సంగతి. సి విటమిన్ అసలు అందకపోతే చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతాయి, అదే స్కర్వీ. 1747లో ఒక ఓడ డాక్టరు నావికులకు నిమ్మ, నారింజ పెట్టి నయం చేసిన కథ అదే. కొంచెం తక్కువైనా రక్తం సులువుగా కారుతుంది. కానీ చాలినంత అందుతున్నవాళ్లకు ఇంకా ఇంకా ఇస్తే గార కరిగిపోదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక జామకాయ ఆ లెక్క దాటించేస్తుంది, ఒక ఉసిరికాయ కూడా అంతే. అనంతపురం జిల్లాలో ఉండి చీనీకాయలకు కొదవేముంది. రోజూ ఒక కాయ తొనలుగా తింటే మాత్రలకు డబ్బు పెట్టే పనిలేదు. జ్యూస్ చేయొద్దు. గ్లాసుకు మూడు నాలుగు కాయలు పోతాయి, పీచు పోతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగురుతుంది. ఉడికిస్తే సి విటమిన్ చాలా పోతుంది, కాబట్టి నిమ్మకాయను పప్పు దించాకే పిండాలి. బి-కాంప్లెక్స్ మాత్రలు కూడా మెడికల్ షాపుల్లో చిగుళ్లకని ఇచ్చేస్తుంటారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గి నాలుక మండొచ్చు, అది వేరే సమస్య, రక్తపరీక్షలో తెలుస్తుంది. కదిలే పన్ను దానితో ఆగదు.

బరువు. 155 సెంటీమీటర్లకు 74 కిలోలంటే బీఎంఐ, అంటే ఎత్తునుబట్టి బరువును చూసే లెక్క, దాదాపు 31. మన దేశంలో 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కేస్తారు. ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు, ఒంట్లో వాపు పుట్టించే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. చిగురు దగ్గర చిన్న మంటకు అవి పైనుంచి గాలి ఊదినట్టు. ఊబకాయం ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బు ఎక్కువ కనిపిస్తుందని చాలా దేశాల లెక్కల్లో తేలింది. అయితే కలిసి కనిపించడం వేరు, ఇది దానికి కారణం కావడం వేరు. లావుగా ఉండి చిగుళ్లు చక్కగా ఉన్నవాళ్లూ, ఎముకలగూడులా ఉండి 40 ఏళ్లకే పళ్లన్నీ వదులైనవాళ్లూ ఇద్దరూ పళ్ల డాక్టరు కుర్చీలోకి వస్తారు. రెండో రకానికి బీడీనో, పొగాకో తోడుంటుంది చాలాసార్లు. బరువు తగ్గితే చిగుళ్ల వైద్యానికి ఫలితం మెరుగు కావొచ్చు, ఆ వైద్యం స్థానంలో మాత్రం అది నిలబడదు.

లావుకూ చిగుళ్లకూ మధ్య అసలు వంతెన షుగర్. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే తెల్లకణాలు సరిగా పోరాడవు, చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు మందమవుతాయి, గాయం మానదు. ఇది రెండువైపులా నడిచే దారి. చిగుళ్లలో చీము నిలిచి ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగా పనిచేయదు. లోతుగా గార తీసి వైద్యం చేసినవాళ్లకు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 వరకు తగ్గుతుందని వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్లు 2022లో పరిశోధనలన్నీ కలిపి తేల్చారు. 8.6 ఒక్క దెబ్బకు 6.5 కాదు గానీ, మందు పెంచకుండా వచ్చే 0.4 షుగర్ డాక్టరుకు తీసిపారేసేదేమీ కాదు. ఆయనకు చిగుళ్ల సంగతి చెప్పండి. చాలామంది చెప్పరు, ఆయనా నోరు తెరిపించి చూడరు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని భాగానికి వస్తాను. తిండి చిగుళ్లను మారుస్తుందని చెప్పుకున్నాం, చిగుళ్లు తిండిని ఇంకా ఎక్కువ మారుస్తాయి. పళ్లు వదులైన మనిషి మొదట మానేసేది చెనిక్కాయలు. తర్వాత జొన్నరొట్టె, జామకాయ, పచ్చి యెర్రగడ్డ, మాంసం ముక్క. మిగిలేది మెత్తటి అన్నం, చారు, ఇడ్లీ, నానబెట్టిన బొరుగుల ఉగ్గాని, టీలో ముంచిన బన్ను. సంగటి ఎలాగూ నమిలేది కాదు, ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది మింగేదే. రాగుల్లో సున్నం మంచిగా ఉంటుంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ మూడుపూటలా మింగే తిండే అయినప్పుడు పీచు పోతుంది, మాంసకృత్తులు పోతాయి, పిండిపదార్థం మిగులుతుంది. నమలకుండా తింటే తొందరగా తింటాం, కడుపు నిండిందన్న కబురు అందేలోపే రెండో ముద్ద లోపలికి పోయుంటుంది. దాంతో బరువు పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది, చిగుళ్లు ఇంకా చెడతాయి. వయసు బాగా పైబడినవాళ్లలో ఇదే తిరగబడుతుంది. నమలలేక తిండే తగ్గించి బక్కచిక్కిపోతారు. "మీ అమ్మ లావైంది కాబట్టి చిగుళ్లు పాడయ్యాయి" అన్న మాటలో కొంత నిజం ఉంటే, "చిగుళ్లు పాడయ్యి ఏదీ నమలలేక లావైంది" అన్నదాంట్లోనూ అంతే నిజం ఉండొచ్చు. ఆమెను కూర్చోబెట్టుకుని ఏయే వస్తువులు తినడం మానేశారో, ఏ సంవత్సరం నుంచో అడగండి. ఆ జాబితాను పళ్ల డాక్టరుకూ చూపించండి.

జపాన్‌లో 1989 నుంచి ఒక నినాదం ఉంది: 80 ఏళ్లకు 20 సొంత పళ్లు. 20 పళ్లుంటే దాదాపు అన్నీ తినొచ్చన్న లెక్క అది. కట్టుడు పళ్ల సెట్టుతో నమిలే బలం సొంత పళ్ల బలం కంటే చాలా తక్కువ. "అన్నీ పీకించేసి సెట్టు పెట్టించుకుంటే పీడ పోతుంది" అనే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పీకించుకున్న తర్వాత ఆ చుట్టాలెవరూ చెనిక్కాయలు నమిలిపెట్టరు.

కొంగు అడ్డం పెట్టుకోవడాన్ని కూడా జబ్బులో భాగంగానే చూడాలి. దీన్ని కొలవడానికి ఓహెచ్‌ఐపీ-14 అని 14 ప్రశ్నల పట్టిక ఉంది. తినేటప్పుడు ఇబ్బందిగా ఉందా, రుచి తగ్గిందా, నోటి గురించి సిగ్గుపడ్డారా, చిరాకు పడ్డారా, రోజువారీ పనికి అడ్డొచ్చిందా అని అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 4, మొత్తం 56. ఎక్కువ వస్తే బతుకు అంత ఇరుకైనట్టు. వైద్యానికి ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి వేయించండి. సందు 6 నుంచి 4కు తగ్గిందంటే ఆమెకు పెద్దగా అర్థం కాదు, నోటి వాసన పోయి పక్కింటామెతో దగ్గరగా కూర్చుని మాట్లాడగలగడం అర్థమవుతుంది.

వైద్యం ఏ వరుసలో జరగాలి. చిగుళ్ల నిపుణుణ్ణి, అంటే పెరియోడాంటిస్ట్‌ను అడగండి. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ ఈ విభాగం ప్రత్యేకంగా ఉంటుంది. తాడిపత్రి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు.

మొదటిరోజు రెండు పనులు తప్పనిసరి: ఎముక ఎంత మిగిలిందో చూసే ఎక్స్‌రే, మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ ఆరుచోట్ల కొలత. ఆ అంకెల చార్టు కాపీ అడిగి తీసుకోండి. కొలవకుండా "క్లీనింగ్ చేస్తాం, అయిపోతుంది" అంటే వేరేచోటు చూసుకోవచ్చు. తర్వాత పైన కనిపించే గార తీసే స్కేలింగ్, ఆపైన మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు కింద వేరును శుభ్రం చేసే రూట్ ప్లానింగ్. ఇది సాధారణంగా రెండు నుంచి నాలుగు సిట్టింగులు. ఒక్క సిట్టింగులో పదిహేను నిమిషాల్లో ముగిసే పని ఈ దశకు సరిపోదు.

ఆ రోజు పొద్దున మామూలుగా టిఫిన్ తిని, షుగర్, బీపీ మాత్రలు వేసుకునే పోవాలి. ఇంజెక్షన్ ఉందని ఖాళీ కడుపుతో పోయి, మాత్ర మాత్రం వేసుకుని, కుర్చీలో షుగర్ పడిపోయి చెమటలు పట్టడం తరచూ జరిగే పొరపాటు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులుంటే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఆమ్లోడిపిన్ సంగతి తప్పకుండా చెప్పండి. ఆ మాత్ర కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుంది, ముందుపళ్ల మధ్య చిగురు గట్టిగా బొడిపెల్లా పెరుగుతుంది. పాచి ఉంటే ఇంకా పెరుగుతుంది. అలా ఉంటే బీపీ డాక్టరు వేరే మందుకు మార్చగలరు. మీరు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

గార తీశాక రెండు విషయాలు జనాన్ని భయపెడతాయి. చల్లనీళ్లు జివ్వుమంటాయి, అది చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి. "గార తీయించాక పళ్లు వదులయ్యాయి, సందులొచ్చాయి" అనే మాట మన వైపు ఊరూరా ఉంది. ఆ సందులు అంతకుముందే ఉన్నాయి, గార వాటిని పూడ్చి కూర్చుంది. వాచిన చిగురు వాపు తగ్గి కిందికి దిగింది. పడిపోయే గోడకు ఆనించిన మట్టికుప్పను తీసేసినట్టు, పంటి అసలు పరిస్థితి ఇప్పుడు బయటపడిందంతే.

6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ కొలవాలి. సందులు 4కి దిగి రక్తం ఆగితే మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలు. అప్పటికీ 6 దగ్గరే ఉండి రక్తం వస్తుంటే చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అంటారు. హెచ్‌బీఏ1సీ 7 దగ్గరికి వస్తే దాని ఫలితం కూడా బాగుంటుంది.

ఇంట్లో. మెత్తటి బ్రష్, శెనగగింజంత పేస్టు, రోజుకు రెండుసార్లు రెండేసి నిమిషాలు. బ్రష్‌ను 45 డిగ్రీలు వాల్చి కుచ్చు సగం చిగురుమీద, సగం పంటిమీద పడేలా పెట్టి, అక్కడక్కడే చిన్నగా కదిలించి, పంటి కొసవైపు ఊడ్చాలి. రంపంతో కోసినట్టు అడ్డంగా రుద్దితే పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. మూడు నెలలకో, కుచ్చు విచ్చుకున్నప్పుడో మార్చాలి. రక్తం వస్తోందని తోమడం మానడమే అన్నిటికంటే పెద్ద తప్పు. రక్తం వచ్చేచోటే పాచి ఉంది, అక్కడే నెమ్మదిగా ఇంకొన్నిసార్లు తిప్పాలి. గార తీయించాక ఇలా చేస్తే పది పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుంది.

పళ్ల మధ్య సందుల్లోకి మామూలు బ్రష్ పోదు. సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షులు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. సైజు డాక్టరు చూపించాలి, వదులుగా ఉంటే లాభం లేదు, బలవంతంగా తోస్తే చిగురు చీరుకుంటుంది. ఈమె వయసుకు, ఈ సందులకు దారం కంటే ఇదే పనికొస్తుంది. రాత్రి పడుకునేముందు ఒకసారి చాలు.

వేపపుల్ల వాడేవాళ్లు వాడుకోవచ్చు, కొస బాగా నమిలి మెత్తటి కుచ్చు చేసుకుంటే. అది సందుల్లోకి పోదు, కాబట్టి ఒక్కటే సరిపోదు. బొగ్గు, ఇటుకపొడి, కల్లుప్పు మాత్రం వద్దు. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లమీద గోధుమరంగు మచ్చలు పడ్డవాళ్లు మన జిల్లాల్లో చాలామంది, అది గార అనుకుని ఇటుకపొడితో రుద్దుతారు. ఆ మచ్చలు పంటి లోపలివి, రుద్దితే పోవు, పన్ను అరుగుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ రాస్తే 10 మిల్లీలీటర్లు ఒక నిమిషం పుక్కిలించాలి, రోజుకు రెండుసార్లు, రెండు వారాలకు మించకుండా. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది, అరగంట ఆగాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్లు నల్లబడతాయి, రుచి మారుతుంది. టీ ఎక్కువ తాగేవాళ్లకు మరీను. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది, బీపీ ఉంది కాబట్టి మింగకుండా ఉమ్మేయాలి. నూనె పుక్కిలింత చేస్తే చేయండి, గారకు అది వైద్యం కాదు.

తిండి, మన ఇంటి వస్తువులతోనే. మొదటి నెల, అంటే సిట్టింగులు నడుస్తున్నప్పుడు మెత్తగా ఉండి మాంసకృత్తులున్నవి కావాలి. కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల చొప్పున, ఆమెకు తగిన బరువు 55 కిలోల లెక్కన చూసినా 45 గ్రాములు. ఒక గుడ్డు 6 గ్రాములు, గట్టి పప్పు ఒక కప్పు 6, 7, పెరుగు ఒక కప్పు 5. అన్నం కుప్ప మధ్యలో గరిటెడు పప్పు పోసుకుంటే ఈ లెక్క తెమలదు. పప్పు రెండింతలు, అన్నం సగం చేయండి. చెనిక్కాయలు నమలలేకపోతే చట్నీగా, ఊరిబిండిగా తినొచ్చు. అయితే గింజలు 30 గ్రాములకే 170 కేలరీలు, గుప్పెడు దాటకూడదు. మెత్తగా ఉడికిన అలసందలు, ఆకుకూర పప్పు, చింతాకు పప్పు అన్నీ పనికొస్తాయి. మాంసం తినేవాళ్లయితే కైమా, లేదా బాగా ఉడికిన చేపముక్క ముళ్లు తీసి. మూత్రపిండాల సమస్య ఉంటే మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగాలి.

సంగటి తినొచ్చు, ముద్ద సైజు తగ్గించి, అందులో బియ్యం వాటా తగ్గించి రాగిపిండి పెంచి. ఒక ముద్దకు దానంతే కూర పక్కన ఉండాలి. రెండో నెలనుంచి ఒక్కొక్కటిగా నమిలేవి తిరిగి తేండి. సన్నగా తరిగిన జామ, కీరదోస, పల్చటి జొన్నరొట్టె, కొర్రన్నం. కదిలే ముందుపళ్లతో కొరకకుండా చిన్న ముక్కలు చేసి వెనకపళ్లతో నమలాలి, రెండువైపులా.

తీసేయాల్సింది వెతకాలంటే టీ గ్లాసులో వెతకండి. రోజుకు నాలుగు టీలు, రెండేసి చెంచాల చక్కెర అంటే దగ్గరదగ్గర 35, 40 గ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ 25 గ్రాములలోపు ఉంటే మేలంటుంది. ఇది ఒక్కటి మానితేనే రోజుకు 150 కేలరీలు మిగులుతాయి, ఓట్స్ కొనే అవసరం లేకుండా. ఎండాకాలం నన్నారి షర్బత్ కూడా అంతే, వేరు మంచిదే, కలిపేది చక్కెర పాకం. ఎండకు నోరు ఎండితే లాలాజలం తగ్గి పాచి ఇంకా అంటుకుంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు నోరు మామూలుగానే ఎండుతుంది. అందుకని నీళ్లు, ఉప్పు తక్కువ వేసిన పలచటి మజ్జిగ దగ్గర పెట్టుకోవాలి. రాత్రి తోముకున్నాక నీళ్లు తప్ప ఏమీ వద్దు, పండగనాటి ఓళిగైనా సరే భోజనంతోపాటే.

బరువు గురించి మొదటి గురి ఆరునెలల్లో 4, 5 కిలోలు, అంతకంటే తొందర వద్దు. వారానికి ఐదురోజులు అరగంట నడక. పూటలు మానేసి చిక్కితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది.

వక్కాకు, పొగాకు, తమలపాకులో కలిపే జర్దా ఏదైనా ఉంటే పైన చెప్పిందంతా సగం వృథా. పొగాకు చిగుళ్ల రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రక్తం రాదు, జబ్బు లేదనుకుంటారు, లోపల ఎముక పోతూనే ఉంటుంది. మానేసిన కొత్తలో రక్తం ఎక్కువ వచ్చినట్టుంటుంది, అది చెడు గుర్తు కాదు. వక్క ఒక్కటే అయినా నోటి కాన్సర్‌కు కారణమవుతుంది.

మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు ఐదురోజులు మింగడం ఇంకో అలవాటు. చీము తగ్గుతుంది, నొప్పి పోతుంది, గార అక్కడే ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఈ మధ్యకాలంలో ఎముక ఇంకాస్త పోయుంటుంది.

వీటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: జ్వరంతో దవడ వాచి మింగడం కష్టమైతే, జ్వరంతోపాటు చిగుళ్లనుంచి రక్తం ఆగకుండా వస్తుంటే (డెంగీ కాలంలో ప్లేట్‌లెట్లు చూడాలి), చిగుళ్లు కొద్దిరోజుల్లోనే ఉబ్బి, ఒంటిమీద కమిలిన మచ్చలు, విపరీతమైన నీరసం ఉంటే (వెంటనే రక్తపరీక్ష చేయించాలి), నోట్లో పుండు రెండు వారాలకూ మానకపోతే.

చివరికి ఆ రెండు పళ్లు. పక్కకు కొద్దిగా కదిలేవి మొదటి దశ, ఒక మిల్లీమీటరు మించి కదిలేవి రెండో దశ, కిందికి నొక్కితే కూడా దిగేవి మూడో దశ. మూడో దశవి సాధారణంగా దక్కవు. మొదటి రెండు దశలవి వాపు తగ్గాక చాలాసార్లు కొంత గట్టిపడతాయి. కింది ముందుపళ్లయితే సన్నటి తీగ, సిమెంటుతో పక్కపళ్లకు కలిపి కట్టే స్ప్లింట్ కూడా ఉంది. కాబట్టి "ఇవి ఏ దశ, కింద ఎముక ఎంత ఉంది" అని అడగండి. మూడో దశ కాకపోతే, చీము పట్టి బాధించకపోతే, రూట్ ప్లానింగ్ అయ్యాక తిరిగి కొలిచేదాకా పీకించొద్దు. ఆ కొలతలు వచ్చాక చార్టులోని అంకెలు ఇక్కడే రాయండి, మొదటి చార్టు పక్కన పెట్టి చూద్దాం.